పక్కింటి స్పీడు



“అదే కంపెనీ, అదే స్తంభం, నెలకి కట్టే డబ్బూ అదే. పక్కింట్లో సినిమా ఆగకుండా ఆడుతుంది. మా ఇంట్లో మాత్రం తెర మధ్యలో ఆ సున్నా తిరుగుతూనే ఉంటుంది. ఎందుకలా?” ఇంటర్నెట్ లైన్లు చూసే కుర్రాళ్ళకి ఈ ప్రశ్న కొత్త కాదు. దానికి వాళ్ళిచ్చే జవాబు మనకీ కొత్త కాదు. “మోడెమ్ ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి సార్” అంటారు. ఆపి ఆన్ చేస్తాం. ఒక పూట బాగుంటుంది. మర్నాడు రాత్రికి మళ్ళీ మొదలు.

ఆ తేడా ఎక్కడ పుడుతుందో ఇవాళ కాస్త వివరంగా చూద్దాం. ముందే ఒక మాట చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందట టెలిఫోన్ తీగ మీద నెట్ వచ్చిన రోజుల్లో ఈ తేడాకి ముఖ్య కారణం దూరం. ఎక్స్ఛేంజి ఎక్కడుందో, మన ఇల్లు ఎక్కడుందో, దాన్ని ఎవరూ మార్చలేరు. ఇప్పుడు చాలా ఇళ్ళకి ఫైబర్ వచ్చేసింది. దూరం సమస్య దాదాపు పోయింది. కానీ తేడాలు పోలేదు. అవి అతుకుల్లోకి, కనెక్టర్లలోకి, మన గోడల్లోకి, చేతిలోని ఫోన్లలోకి వచ్చి కూర్చున్నాయి. వీటిలో చాలావాటిని సరిచేయించుకోవచ్చు. కాకపోతే లోపం ఎక్కడుందో ముందు పట్టుకోవాలి.

పాత రోజులతో మొదలుపెడదాం. బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో ‘డేటావన్’ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభించింది. దానికోసం కొత్త తీగలేమీ లాగలేదు. ఇంటికి అప్పటికే ఉన్న ల్యాండ్‌లైన్ రాగి తీగ మీదే నెట్ పంపారు. మనిషి గొంతుకి ఆ తీగ మీద 4 కిలోహెర్ట్జ్ దాకా ఉంటే చాలు. నెట్ కోసం వాడిన ఏడీఎస్ఎల్ పద్ధతి, దాని మెరుగైన రూపంలో, 2.2 మెగాహెర్ట్జ్ దాకా వెళ్ళింది. రాగి తీగలో ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ సంకేతం తొందరగా నీరసిస్తుంది. అందుకే ఎక్స్ఛేంజి పక్కనున్న ఇంటికి 20 ఎంబీపీఎస్ అందే వీలున్నప్పుడు, తీగ పొడవు 5 కిలోమీటర్లయ్యే ఇంటికి ఒకటో రెండో వస్తే గొప్ప.

పక్కపక్క ఇళ్ళకి ఎక్స్ఛేంజి దూరం ఒకటే కదా అని మీకు అనుమానం రావచ్చు. కాకి ఎగిరిన దూరం ఒకటే. తీగ తిరిగిన దూరం ఒకటి కాదు. తీగ ఎక్స్ఛేంజి నుంచి పిల్లర్‌కి, ఆ పిల్లర్ అనే వీధి పెట్టె నుంచి డీపీ అనే పంపిణీ బాక్సుకి, అక్కడి నుంచి ఇంటికి వస్తుంది. పెరటి గోడ ఒకటే అయినా రెండు ఇళ్ళూ వేర్వేరు వీధుల వైపు తిరిగి ఉంటే, ఒకటి ఈ పిల్లర్ కింద, రెండోది ఆ పిల్లర్ కింద పడేవి. పైగా దారిలో ప్రతి అతుకూ ఒక బలహీనతే. వానకి జాయింట్‌లో నీళ్ళు చేరితే ఫోన్‌లో గరగరమని చప్పుడు వచ్చేది. దాంతోపాటే నెట్ వేగమూ పడిపోయేది. వంటింట్లో ఇంకో ఫోన్ పెట్టుకుని దానికి గొంతునీ నెట్‌నీ వేరుచేసే చిన్న ఫిల్టర్ డబ్బా తగిలించకపోయినా అంతే సంగతి.

ఆ రోజుల్లో ఆశలూ చిన్నవే. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ వస్తే అది బ్రాడ్‌బ్యాండ్. 2013లో దాన్ని 512కి పెంచారు. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేశారు. ఇప్పుడు ఇంటింటా 50, 100, 300 ఎంబీపీఎస్ ప్లాన్లు నడుస్తున్నాయి. అంకెలు పెద్దవయ్యే కొద్దీ పక్కింటితో పోలికా పెరిగింది.

ఇప్పుడు ఫైబర్ సంగతికొద్దాం. ఆపరేటరు ఆఫీసులో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాన్నుంచి గాజు తీగలో వెలుగు బయల్దేరుతుంది. మన వీధి దాకా వచ్చాక ఒక చిన్న స్ప్లిటర్‌లోకి వెళ్ళి ముప్పై రెండుగానో అరవై నాలుగుగానో చీలుతుంది. ఒక్కో పాయ ఒక్కో ఇంటికి. ఆ స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు. అది వెలుగుని పంచుతుందంతే. జీపాన్ అనే పద్ధతిలో ఓఎల్‌టీ ఒక్కో పోర్టు నుంచి మొత్తం ఇళ్ళకి కలిపి సెకనుకి దాదాపు 2.5 గిగాబిట్లు దిగుతాయి. ఇళ్ళ నుంచి పైకి అందులో సగం వెళ్తుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. దిగే సమాచారం స్ప్లిటర్ దగ్గర విడివిడిగా సర్దుకోదు. ఆ పోర్టు కింద ఉన్న అందరి సమాచారమూ అందరి ఇళ్ళకీ వస్తుంది. పక్కింటివాళ్ళు చూస్తున్న సినిమా మన ఇంట్లో ఉన్న మోడెమ్ డబ్బా దాకా కూడా వస్తుందన్నమాట. కాకపోతే ఎవరిది వాళ్ళకే విప్పుకునేలా తాళం వేసి పంపిస్తారు. మన డబ్బా తనది తీసుకుని మిగతాది వదిలేస్తుంది.

పైకి పంపడంలో మాత్రం అందరూ ఒకేసారి మాట్లాడితే కుదరదు. కాలువ కింద సాగు చేసేవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. వంతులు లేకపోతే ఎగువ రైతు తోడుకోగా మిగిలిందే శివారు చేనుకి. లస్కరు వంతులు పెట్టి తూము తిప్పితే శివారు చేనూ తడుస్తుంది. ఓఎల్‌టీ చేసేది ఆ లస్కరు పనే. ఏ ఇంటి డబ్బా ఎంత దూరంలో ఉందో ముందే కొలుచుకుంటుంది. ఫైబర్‌లో వెలుగు ఒక కిలోమీటరు పోవడానికి దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. దూరపు ఇల్లు కాస్త ముందుగా, దగ్గరి ఇల్లు కాస్త ఆగి పంపేలా లెక్క కట్టి ఎవరి వంతు వాళ్ళకి కేటాయిస్తుంది. అందువల్ల ఆఫీసు పక్కనున్న ఇంటికీ, పది కిలోమీటర్ల అవతలి ఇంటికీ వేగంలో తేడా ఉండదు. “మీది లైను చివర సార్, అందుకే స్లో” అని ఫైబర్ కనెక్షన్ విషయంలో ఎవరైనా అంటే, ఆ మాట రాగి తీగ కాలం నాటిదని గుర్తుపెట్టుకోండి.

మరి తేడా ఎక్కడ? మొదట వెలుగు దగ్గర చూద్దాం. మీ ఇంటికి వచ్చే నల్లటి డ్రాప్ వైరు చూసే ఉంటారు. లోపల వెంట్రుకంత గాజు తీగ ఉంటుంది. అందులో వెలుగు నిజంగా ప్రయాణించే భాగం వెడల్పు దాదాపు 9 మైక్రాన్లు. మిల్లీమీటరులో వందో వంతు కూడా కాదు. కనెక్టర్ మూతి మీద చిన్న దుమ్ము రేణువు పడ్డా దారి మూసుకుపోతుంది. అందుకే పని తెలిసిన టెక్నీషియన్ దాన్ని గుచ్చే ముందు తుడుస్తాడు. మూతి రంగు కూడా చూస్తాడు. పచ్చ కనెక్టర్ చివర కాస్త ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. నీలం దానికి ఆ వాలు ఉండదు. పచ్చదాన్ని తెచ్చి నీలం దాంట్లో దూర్చితే పట్టినట్టే ఉంటుంది, లైటూ వెలగొచ్చు. మధ్యలో సన్నటి సందు మిగిలి వెలుగు కారిపోతుంది.

టెక్నీషియన్ జేబులోంచి పవర్ మీటర్ తీసి తీగ చివర పెడితే ఒక అంకె కనిపిస్తుంది. మైనస్ 19, మైనస్ 22, అలా. మైనస్ పక్కనున్న అంకె పెరిగే కొద్దీ వెలుగు తక్కువని అర్థం. ఆ అంకె మూడు, అంటే మూడు డెసిబెల్లు, పెరిగితే వెలుగు సగానికి పడిపోయినట్టు. మామూలుగా వాడే జీపాన్ డబ్బాలకి మైనస్ 27 దాకా ఓపిక ఉంటుంది. కిలోమీటరు ఫైబర్‌లో పోయేది మూడో వంతు డెసిబెల్ మాత్రమే. స్ప్లిటర్ దగ్గర పోయేదే ఎక్కువ. ముప్పై రెండుగా చీలితే 17 డెసిబెల్లు అక్కడే ఖర్చు. కానీ ఆ ఖర్చు పక్కింటికీ మనకీ సమానమే. ఒకే స్ప్లిటర్ నుంచి వచ్చిన రెండిళ్ళలో వాళ్ళకి మైనస్ 20 వచ్చి మనకి మైనస్ 27 వస్తోందంటే, ఆ ఏడూ స్తంభానికీ మన గోడకీ మధ్యే ఎక్కడో పోయాయన్నమాట. కిటికీ రెక్క కింద నలిగి ఉండొచ్చు. టీవీ వెనక తీగని చిన్న చుట్టలా బిగించి టేపు వేసి ఉండొచ్చు. గాజు తీగని మరీ మెలితిప్పితే వెలుగు మలుపు తిరగకుండా పక్కలకి పోతుంది.

ఇలా పవర్ తగ్గినప్పుడు వేగం మెట్టు మెట్టుగా తగ్గదు. రాగికీ గాజుకీ ఉన్న తేడా అది. గాజు తీగలో హద్దు దాకా అంతా బాగానే ఉంటుంది. హద్దు దగ్గరకొచ్చేసరికి తప్పులు మొదలవుతాయి. పోయిన ముక్కల్ని మళ్ళీ మళ్ళీ పంపాల్సి వస్తుంది. మనకి అది ‘కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది’గా కనిపిస్తుంది. హద్దు దాటితే డబ్బా మీద ఎల్ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం వెలుగుతుంది. ఇక మోడెమ్ ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు.

మన రాష్ట్రాల్లో ఫైబర్ ఎక్కువగా ఆకాశంలోనే నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. తెలంగాణ టీ-ఫైబర్ మాత్రం మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కందకాల్లోనే ఫైబర్‌నీ పడుకోబెట్టింది. పైన వెళ్ళే తీగకి గాలి, చెట్టు కొమ్మ, కోతి, ఎత్తైన లారీ, అన్నీ గండాలే. నేలలోని తీగకి జేసీబీ గండం. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత స్తంభాల మీది కేబుళ్ళని విద్యుత్ సిబ్బంది పెద్ద ఎత్తున కోసేశారు. ఒకే వీధిలో తీగ తెగినవాళ్ళు, తెగనివాళ్ళు ఉంటారు. తెగినచోట మళ్ళీ అతికేటప్పుడు మిషన్ పెట్టి నిదానంగా స్ప్లైసింగ్ చేస్తే ఒక్కో అతుకుకి పోయేది డెసిబెల్లో పదో వంతు. హడావిడిగా చేస్తే ఎంత పోతుందో చేసినవాడి చేతిని బట్టి ఉంటుంది.

ఇక రెండో చోటు. ‘ఫైబర్ కనెక్షన్’ అని అమ్మినా ఫైబర్ మన ఇంటి దాకా రావాలని లేదు. హైదరాబాద్, విజయవాడ వంటి ఊళ్ళలో ఫైబర్ అపార్ట్‌మెంట్ మేడ మీద ఒక డబ్బా దాకా వచ్చి ఆగిపోయి, అక్కడి నుంచి ఫ్లాట్లకి మామూలు ల్యాన్ కేబుల్ దిగే ఏర్పాట్లు చాలా చూస్తాం. ఆ కేబుల్లో ఎనిమిది రాగి తీగలుంటాయి. నారింజ, పచ్చ, నీలం, గోధుమ రంగుల జతలు. 100 ఎంబీపీఎస్ నడవడానికి నారింజ, పచ్చ జతలు చాలు. గిగాబిట్ వేగానికి మాత్రం నాలుగు జతలూ కావాలి. చివరన పారదర్శకంగా ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ క్లిప్‌లో నీలం తీగ ఒక్కటి సరిగ్గా బిగియకపోయినా రెండు పరికరాలూ మాట్లాడుకుని, సరే, 100తో సరిపెట్టుకుందామని ఒప్పందానికొస్తాయి. మనకెవరూ చెప్పరు. నెట్ వస్తూనే ఉంటుంది.

దీన్ని పట్టుకునే గుర్తు ఒకటుంది. మీ ప్లాను 200. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా, పొద్దున్న చేసినా అర్ధరాత్రి చేసినా, 94 లేదా 95 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతోంది. అప్పుడు అనుమానించాల్సింది కంపెనీని కాదు, ఆ క్లిప్‌ని. 100 ఎంబీపీఎస్ లింకు మీద లెక్కలూ చిరునామాలూ పోగా మిగిలేది సరిగ్గా అంతే. కేబుల్ చివర కత్తిరించి కొత్త క్లిప్ వేయించుకుంటే ఐదు నిమిషాల్లో పక్కింటితో సమానమైపోతారు. మోడెమ్‌కే 100 ఎంబీపీఎస్ పోర్టులు ఉంటే మాత్రం డబ్బా మార్చాల్సిందే. ల్యాన్ కేబుల్ వంద మీటర్లు దాటి లాగకూడదు. మేడ మీది డబ్బాకి కరెంటు కావాలి కాబట్టి, మన ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా అక్కడ కరెంటు పోతే నెట్ పోతుంది. గాజు తీగ వచ్చిన పక్కింట్లో మాత్రం నడుస్తూనే ఉండొచ్చు. ఇక ఉరుములు మెరుపుల రోజుల్లో రాగి తీగ పిడుగు ప్రభావాన్ని నేరుగా పోర్టు మీదికి తెస్తుంది. గాజు తీగకి ఆ భయం లేదు.

మూడో చోటు సాయంత్రం. ఇందాక చెప్పిన 2.5 గిగాబిట్లని అరవై నాలుగు ఇళ్ళకి పంచితే ఒక్కో ఇంటికి దాదాపు 39 ఎంబీపీఎస్ మాత్రమే వస్తుంది. మరి అందరికీ 100 ప్లాను ఎలా అమ్ముతున్నారు? అందరూ ఒకే క్షణంలో పూర్తి వేగం వాడరన్న ధైర్యంతో. ఆ ధైర్యం తప్పేమీ కాదు. ఫుల్ హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ చాలు. అరవై నాలుగు ఇళ్ళూ ఒకేసారి సినిమా పెట్టినా 320 దాటదు. ఇబ్బంది ఎక్కువగా ఇంకా పైన వస్తుంది. స్థానిక ఆపరేటరు తన పైవాళ్ళ దగ్గర ఎంత బ్యాండ్‌విడ్త్ కొన్నాడన్నది అసలు సంగతి. ఎనిమిది వందల ఇళ్ళున్న ఆపరేటరు రెండు ఇళ్ళకి సరిపోయేంత కొని కూర్చోడు, కానీ ఐపీఎల్ రాత్రికి చాలనంత కొని కూర్చోవచ్చు. పక్కింటివాళ్ళది వేరే ఆపరేటరైతే ఆ రాత్రి తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

నాలుగోది మన ఇల్లే. చాలా ఫిర్యాదుల మూలం ఇక్కడ ఉంటుంది. వైఫై రెండు బాటల్లో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ బాట గోడల్ని కాస్త దాటగలదు. కానీ ఇరుకు. ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్ళు అందులో మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఫోన్ తెరిచి చూస్తే ఇరవై వైఫై పేర్లు కనిపిస్తాయి. ఆ ఇరవై ఇళ్ళూ ఆ మూడు ఛానళ్ళలోనే సర్దుకోవాలి. ఒక ఛానల్లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. కాబట్టి పక్కింటివాళ్ళు మన నెట్ పాస్‌వర్డ్ అడగకపోయినా మన గాలిలో సగం వాళ్ళు వాడుకుంటున్నారనే చెప్పాలి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ బాటలోనే రొద పెడుతుంది. 5 గిగాహెర్ట్జ్ బాట విశాలమైనది, వేగమైనది. గోడ అడ్డమొస్తే మాత్రం త్వరగా చేతులెత్తేస్తుంది.

మన ఇళ్ళ కట్టుబడి దీనికి తోడు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఇనుప చువ్వల శ్లాబు, గోడకి ఆనించిన ఇనుప బీరువా, దాని తలుపుకి నిలువుటద్దం. వైఫైకి ఇంతకన్నా శత్రువులు అక్కర్లేదు. టెక్నీషియన్ మోడెమ్ ఎక్కడ పెడతాడు? తీగ ఇంట్లోకి ఎక్కడ దూరిందో అక్కడ. అంటే వరండా కిటికీ పక్కన, లేదా టీవీ వెనక. పిల్లవాడు చదువుకునే గది ఇంకో కొసన ఉంటుంది. పక్కింటివాళ్ళు అదే మోడెమ్‌ని హాలు మధ్యలో, తలకి పైఎత్తులో పెట్టించుకుంటే వాళ్ళ స్పీడే వేరు. రెండిళ్ళకీ వచ్చే నెట్ మాత్రం అక్షరాలా ఒకటే.

ఫోన్ వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే యాంటెన్నాతో 2.4 బాట మీద మాత్రమే నడిచే పాత ఫోన్ కాగితం మీదే 72 ఎంబీపీఎస్ దాటదు. చేతికి 40, 50 వస్తే ఎక్కువ. దానికి 300 ప్లాను పెట్టినా, వెయ్యి ప్లాను పెట్టినా అదే ఫలితం. ఇంకో చిక్కు అంకెల్లో ఉంది. కంపెనీ చెప్పేది బిట్లలో, కంప్యూటరు ఏదైనా దించుకునేటప్పుడు చూపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ ప్లాను ఉన్న కంప్యూటరులో సెకనుకి 12 ఎంబీ అని కనిపిస్తే అది పూర్తి వేగమే. ఒకాయన స్పీడ్ టెస్ట్ చూసి 96 అంటాడు, పక్కింటాయన డౌన్‌లోడ్ చూసి 12 అంటాడు. ఇద్దరికీ వస్తున్నది ఒకటే.

తీగ లేకుండా 5జీ టవర్ నుంచి ఇంటికి వచ్చే కనెక్షన్లు కూడా ఇప్పుడున్నాయి. జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబరు 19న ఎనిమిది నగరాల్లో మొదలైంది. వాటిలో హైదరాబాద్ ఒకటి. వీటి విషయంలో మాత్రం పక్కపక్క ఇళ్ళ తేడా నిజంగానే స్థలం వల్ల వస్తుంది. ఒక మేడ మీది యాంటెన్నాకి టవర్ ఎదురుగా కనిపిస్తుంది. పక్క మేడకి ఐదంతస్తుల భవనం అడ్డం. పైగా ఆ టవర్‌ని వీధిలో ఫోన్లు వాడేవాళ్ళందరితోనూ పంచుకోవాలి. ఇది కావాలనుకునేవాళ్ళు యాంటెన్నా ఏ మూల పెడితే బాగుంటుందో బిగించక ముందే చూపించమని అడగడం మేలు.

చివరిగా, మన ఊరు దాటిన సంగతి ఒకటి. అమెరికాలో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడుతుంటే మాట ఆలస్యంగా అందుతోందని ప్లాను 40 నుంచి 300కి మార్చినవాళ్ళున్నారు. వీడియో కాల్‌కి రెండు మూడు ఎంబీపీఎస్ చాలు. ఆలస్యం దూరం వల్ల వచ్చేది. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై దగ్గరో ముంబై దగ్గరో సముద్రంలోకి దిగి, ఖండాలు చుట్టి, అమెరికా చేరి తిరిగి రావాలంటే సెకనులో ఐదో వంతు పైనే పడుతుంది. ప్లాను పెంచితే వెలుగు వేగం పెరగదు. స్పీడ్ టెస్ట్ మాత్రం ఎక్కువగా దగ్గరలోని సర్వర్‌నే ఎంచుకుంటుంది కాబట్టి ఈ సంగతులేవీ అందులో కనిపించవు.

సరే, ఇన్ని కారణాలు విన్నాక మన ఇంటి జబ్బు ఏదో ఎలా తెలుసుకోవాలి? దీనికి పక్కింటివాళ్ళ సాయమే కావాలి. అసూయతో చూసిన ఆ స్పీడే మనకి కొలబద్ద అవుతుంది.

ముందు రెండిళ్ళ బిల్లులూ పక్కపక్కన పెట్టండి. ప్లాను ఒకటేనా? నెలకి ఇంత డేటా దాటితే వేగం తగ్గిస్తామన్న షరతు ఉందా? ఆ హద్దు దాటామా? సగం తగాదాలు ఇక్కడే తేలిపోవచ్చు.

తర్వాత ఒక ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా మోడెమ్‌కి కలిపి, ఇంట్లో మిగతావన్నీ ఆపి, కొలవండి. అదే ల్యాప్‌టాప్, అదే కేబుల్ పట్టుకెళ్ళి పక్కింట్లోనూ కొలవండి. పొద్దున్న ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. తీగతో కొలిస్తే రెండిళ్ళలోనూ ఒకటే వచ్చిందా? అయితే లోపం మన వైఫైలో, గోడల్లో, ఫోన్లో ఉంది. మోడెమ్‌ని గది మధ్యకి జరపండి. 5 గిగాహెర్ట్జ్ వాడండి. దూరపు గదికి ఒక ల్యాన్ కేబుల్ లాగించి అక్కడ ఇంకో రూటర్ పెట్టించండి. కంపెనీ మార్చినా ఇది పోదు.

ఇద్దరికీ పొద్దున్న బాగుండి రాత్రి తొమ్మిదింటికి కలిసి పడిపోతోందా? లోపం పైన ఉంది, ఆపరేటరు దగ్గర. అప్పుడు ఫిర్యాదు ఒక్క ఇంటి పేరుతో కాకుండా వీధి పేరుతో వెళ్ళాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో పెట్టిన నాణ్యత నిబంధనల్లోనే, కంపెనీ నోడ్ నుంచి వినియోగదారుడి దాకా, తీసుకున్న వేగంలో 80 శాతానికి పైగా అందాలని ఉండేది. ఫిర్యాదు చేస్తే దానికో నంబరు తీసుకోండి. నోటిమాటగా చెప్పింది లెక్కలోకి రాదు.

పక్కింట్లో రెండు పూటలా బాగుండి, మన ఇంట్లో తీగతో కొలిచినా రెండు పూటలా తక్కువేనా? అప్పుడు లోపం స్తంభానికీ మన మోడెమ్‌కీ మధ్య ఉంది. ఆ అంకెలన్నీ రాసి పెట్టుకుని టెక్నీషియన్‌ని పిలవండి. “స్లోగా ఉందండీ” అంటే ఆయన మోడెమ్ ఆపి ఆన్ చేసి వెళ్ళిపోగలడు. “మా ఇంట్లో పవర్ ఎంత వస్తోంది, పక్కింట్లో ఎంత వస్తోంది, ఒకసారి మీటర్ పెట్టి చూపించండి” అని అడగండి. ల్యాన్ కేబుల్ కనెక్షనైతే “క్లిప్ కొత్తది వెయ్యండి, నాలుగు జతలూ పని చేస్తున్నాయో లేదో చూడండి” అనండి. మీటర్ పెట్టమని అడిగితే జవాబు అంకెల్లోనే వస్తుంది. అంకె పక్కింటితో సరిపోలకపోతే డ్రాప్ వైరు మార్చడమో, జాయింట్ మళ్ళీ కొట్టడమో తప్ప ఆయనకి ఇంకో దారి ఉండదు.

పనిలో పనిగా ఆయనకి కాసిన్ని మంచినీళ్ళు ఇవ్వండి. ఎండలో నిచ్చెనెక్కి వెంట్రుకంత తీగని అతికేది ఆయనే. మన స్పీడు చాలావరకు ఆ చేతుల్లో ఉంది.